కంట్లో కుంకుమ పడ్డ డీవీడీ డ్రైవు

ఆగండాగండి, ఎక్కడికా పరుగు? కాస్త కూర్చుని నా మాట వినండి. ఎలాగూ నన్ను చెత్తలో వేసేవాళ్ళే కదా మీరు, విన్నాకే వేయండి.

నేను ఒక డీవీడీ డ్రైవుని. కంప్యూటరు డబ్బాకి ముందువైపు నల్లటి మూతితో ఉంటానే, బటన్ నొక్కితే పళ్ళెం చాపుతానే, అదే నేను. ఇప్పటి పిల్లలు నన్ను చూసి "ఇదేంటి, దేనికి?" అంటున్నారు. అననివ్వండి. వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళి చూడాలంటే మళ్ళీ నా పళ్ళెమే గతి.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ మనుషులు తలకి టోపీ, మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు వేసుకుని, గాలిని కూడా వడకట్టుకుని నన్ను తయారుచేశారు. ఎందుకంటారా? నా లోపల కందిగింజంత గాజు కన్ను ఒకటుంది. తలవెంట్రుక మందంలో వందో వంతు ఉండే గీతల్ని అది చదువుతుంది. దానిమీద నలక పడితే నేను గుడ్డిదాన్నే. అంత అపురూపంగా కని, పెంచి, చివరికి నన్ను ఎక్కడికి పంపారో తెలుసా? తెనాలిలో వీడియో లైబ్రరీ నడిపే వీరాస్వామికి. ఆయన అద్దెకిచ్చిన బిళ్ళలు పచ్చడి మరకలతో తిరిగొచ్చేవి. వాటిని లుంగీకి రెండుసార్లు రుద్ది నా నోట్లో పెట్టేవాడు. నేను నోరు మూసుకుని చదివేదాన్ని. నోరు మూసుకుంటేనే కదా నేను చదవగలిగేది.

జనానికి ఫోన్లలోనే బొమ్మలు రావడం మొదలయ్యాక వీరాస్వామి కొట్టు మూసేసి, నేనున్న డబ్బాని ఊళ్ళోని రంగస్థల కళా సమితికి అమ్మేశాడు. సమితి అంటే ఒక గది, నాలుగు కుర్చీలు, ఒక మేకప్ పెట్టె, గోడ నిండా షీల్డులు, వాటి కింద కార్యదర్శి పానకాలరావు గారు. పౌరాణిక నాటకాల్లో రాజు వేషం ఆయనదే. వేషం విప్పినా నడక మాత్రం విప్పడు. ఊళ్ళో ఎవరి పెన్ డ్రైవు దొరికితే అది గుచ్చి గుచ్చి కంప్యూటరుకి లేని రోగం తెప్పించాడు. అప్పుడు పైవాటాలో ఉండే మానుష, ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం అమ్మాయి, దిగొచ్చి, పాత విండోసంతా తుడిచేసి, దాని బదులు లినక్స్ ఎక్కించింది. "ఇక వైరస్ అనే మాటే ఉండదంకుల్" అంది. నిజమే, వైరస్ లేదు. ఆ రోజు నుంచి మానుషే ఉంది.

అమ్మాయి తెలివైనదే, కాదనను. కానీ ఈ లినక్స్ పిచ్చివాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. ఎదురుగా ఉన్న వస్తువుని చూడరు. దాని గురించి ఎవరెవరో ఎక్కడెక్కడో రాసింది చదువుతారు.

ఇంతకీ అసలు సంగతికొస్తాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి కాశీలింగం మాస్టారు సమితి గదికి వచ్చాడు. నలభై ఏళ్ళుగా నాటకాలకి హార్మోనియం వాయించిన మనిషి. ఇప్పుడు వేళ్ళు వంగట్లేదు, ఎవరూ పిలవట్లేదు. వృద్ధ కళాకారుల పింఛనుకి దరఖాస్తు రాసుకుని తెచ్చాడు. సాయంత్రం ఐదింటితో గడువు సరి. ప్రదర్శన వీడియో ఒకటి పెన్ డ్రైవులో ఇవ్వాలనీ, అందులో మనిషి కనపడాలనీ ఆఫీసులో చెప్పారట. కరపత్రాలు చూపిద్దామంటే వాటిలో రాజుల పేర్లు, మంత్రుల పేర్లు, చివరికి మైకు సెట్టు వాడి పేరు కూడా ఉంది. ఈయన పేరు దగ్గర మాత్రం "వాద్య సహకారం: తదితరులు" అనే ఉంది. నలభై ఏళ్ళు తదితరులుగా బతికాడు పాపం. ఆయన దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం, ఎనిమిదేళ్ళ కిందట పోటీ నాటకాన్ని కేబుల్ కుర్రాళ్ళు తీసిన డీవీడీ. దాన్ని పాత పంచె ముక్కలో చుట్టి తెచ్చాడు.

పళ్ళెంలో ఏముందో చూడకుండానే బిళ్ళ నా నోట్లో పెట్టేశారు. తిప్పాను. ఏమీ కనపడలేదు. మళ్ళీ తిప్పాను. ఎర్రటి మసక.

"ఏందమ్మాయ్, తిరుగుతానే ఉంది, బొమ్మ రాదేంది?" అన్నాడు పానకాలరావు గారు.

"కోడెక్ లేదంకుల్, వీడియోని విప్పి చూపించేది. రెండే నిమిషాలు."

మానుష రెండు నిమిషాలు అంటే గంటన్నర అని గోడమీది బల్లికి కూడా తెలుసు. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి టకటకా కొట్టడం మొదలుపెట్టింది. కోడెక్‌లు దించింది. ఒక ప్లేయరు తీసేసి ఇంకోటి పెట్టింది. నన్ను వాడుకునే అనుమతి తనకి లేదేమోనని తనకి తానే అనుమతి ఇచ్చుకుంది. ఆ తర్వాత బిళ్ళకి తాళం ఉందేమోనని, కంపెనీ సినిమాల తాళాలు విప్పే సామానంతా తెచ్చి పెట్టింది. అది కేబుల్ కుర్రాళ్ళు ఇంట్లో చేసిన బిళ్ళ, దానికి తాళం వేసే తీరిక ఎవడికుంది? తలుపే లేని ఇంటికి తాళంచెవుల గుత్తి పట్టుకొచ్చినట్టు!

అక్కడితో ఆగిందా? నాలాంటి డ్రైవులకి ఒక కట్టుబాటు ఉంది. ఫలానా దేశాల బిళ్ళలే చదువుతామని మాకొక ప్రాంతం రాసిపెట్టి ఉంటుంది. దాన్ని జన్మ మొత్తంమీద ఐదంటే ఐదుసార్లు మార్చుకోవచ్చు. ఆపైన ఏది ఉంటే అదే, చచ్చేదాకా. ఈ పిల్ల ముప్పావు గంటలో నాలుగుసార్లు మార్చింది! ఒకసారి అమెరికా దాన్ని, ఒకసారి చైనా దాన్ని అయ్యాను. నా ఎదురుగా ఉన్నది మాత్రం తెనాలి బిళ్ళ.

"మా విండోసే నయం తల్లీ, అప్పుడప్పుడన్నా పలికేది" అన్నాడు పానకాలరావు గారు.

"అంకుల్ ప్లీజ్, ఇది లినక్స్ తప్పు కాదు!"

"మరి నా తప్పా?"

అక్షరాలా ఆయన తప్పే. కానీ నా మాట ఎవరు వింటారు?

విన్నది ఒక్కడే. అప్పటిదాకా మూలన కూర్చున్న మాస్టారు లేచొచ్చి నా మూతి దగ్గర చెవి పెట్టాడు. "ఇంకోసారి తిప్పమ్మా" అన్నాడు. తిప్పింది. కళ్ళు మూసుకుని విన్నాడు. "మూడుసార్లు ఊపిరి తీసుకుంటంది, మూడుసార్లూ ఆగిపోతంది. పలకాలనే ఉంది దానికి. గొంతులో ఏందో అడ్డం పడింది. నా పెట్టెలో రీడు కింద దుమ్ము జేరితే ఇట్టాగే చేస్తది. విప్పి చూడమ్మా."

"మాస్టారూ, ఇది హార్మోనీ పెట్టె కాదు, కంప్యూటరు" అని నవ్వాడు పానకాలరావు గారు.

"ఏ పెట్టయినా పెట్టేలేవయ్యా."

మానుషకి చెప్పుకోడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి కరెంటు తీసి, నన్ను బయటికి లాగి, నాలుగు మరలు విప్పింది. లోపల చూసి నోరు తెరిచింది. "అంకుల్! ఇదేంటి, ఇంత ఎర్రగా?"

పానకాలరావు గారు వంగి చూశాడు. "దసరాకి నేనే పెట్టానమ్మా, ఆయుధపూజకి. పైన పెడితే చెరిగిపోద్దని పళ్ళెంలో పెట్టా."

"లోపలా?"

"నోరు చాపి అడుగుతా ఉంటే ఎట్టా కాదంటాం? ఇంత పసుపు, ఇంత కుంకుమ."

విన్నారా? ఇదీ ఈ జాతి. ఏడాదంతా దుమ్ము కూడా తుడవరు, ఒక్కరోజు మాత్రం దేవుణ్ణి చేసి కళ్ళలో కుంకుమ కొడతారు. దసరా తర్వాత నన్ను తిప్పింది ఆ రోజే. పళ్ళెంలో పొడి ఉండగా అంత జోరుగా తిరిగితే ఏమవుతుంది? వసంతోత్సవం అవుతుంది.

మేకప్ పెట్టెలోంచి దూది, గడ్డాలు ఊడదీసే స్పిరిటు తెచ్చి మానుష నా కన్ను తుడిచింది. మాస్టారు పక్కనే ఉండి, "మెల్లిగా, మెల్లిగా, రీడు మీద ఊదినట్టు" అంటూనే ఉన్నాడు. మళ్ళీ బిగించి, బిళ్ళ పెట్టారు. ఒక్క తిప్పుతో పలికాను. అప్పుడు టైము నాలుగు.

తెరమీద రాజు వేషంలో పానకాలరావు గారు! ముగ్గురూ చప్పట్లు కొట్టారు. పద్యం వస్తోంది, హార్మోనియం వస్తోంది, మాస్టారు మాత్రం రావట్లేదు. కెమెరా కుర్రాడు కిరీటాన్ని వదిలితే ఒట్టు. మానుష ముందుకి జరిపింది, ఇంకా జరిపింది. గంటా పన్నెండు నిమిషాల దగ్గర రాజుగారు పద్యం మూడో పాదంలో టక్కున ఆగిపోయాడు. నోరు తెరిచి ఉంది, మాట లేదు. పక్కకి చూశాడు. ఆ చూపు వెంబడి కెమెరా కూడా తిరిగింది. అక్కడున్నాడు కాశీలింగం మాస్టారు. ఒక చెయ్యి హార్మోనియం తిత్తి మీద, ఒక చెయ్యి మెట్ల మీద, మోకాళ్ళ దాకా వంగి, పోయిన పాదాన్ని గొంతు తగ్గించి తనే పాడి అందిస్తున్నాడు. రాజు అందుకునేదాకా రాగాన్ని సాగదీశాడు. మొత్తం పదకొండు సెకన్లు. ముఖం, వేళ్ళు, గొంతు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

"దొరికారు మాస్టారూ!" అని మానుష ఎగిరి గంతేసింది. తర్వాత పానకాలరావు గారి ముఖం చూసి ఆగింది. గోడమీదున్న షీల్డుల్లో అన్నిటికన్నా పెద్దది, ఉత్తమ నటుడు అని రాసున్నది, ఆ రాత్రి నాటకానికి వచ్చిందే.

"ఇంకేదన్నా చూడమ్మా" అన్నాడాయన.

మానుష చివరిదాకా జరిపి చూసి, మళ్ళీ అదే దృశ్యం దగ్గర ఆపింది. "ఇంకెక్కడా లేరంకుల్. ఇదొక్కటే."

"ఆ పింఛను కమిటీలో ఉండేది అంతా నాటకాలోళ్ళే. ఊరూరా చెప్పుకుంటారు."

మాస్టారు పంచె ముక్క మడుచుకున్నాడు. "వద్దులేమ్మా, ఆపేసెయ్. ఆటలో రాజు జారితే మోసేది మేమే. మోశామని చెప్పుకుంటే ఇంక అదేం మోత?" అని గడప దాటాడు. మానుష "మాస్టారూ, మాస్టారూ" అంటూ వెనకే పరిగెత్తింది. తెరమీద ఆ దృశ్యం అలాగే ఆగి ఉంది. గదిలో పానకాలరావు గారు, నేను.

నా బటన్ నొక్కాడు. లినక్స్‌లో ఒక మంచి అలవాటు ఉంది, బిళ్ళని ఎవరో చూస్తున్నారనుకుంటే తలుపు తీయనివ్వదు. మళ్ళీ నొక్కాడు. ఐదుసార్లు నొక్కాడు. మాస్టారు బల్లమీద వదిలేసిపోయిన దరఖాస్తు కాగితాలకున్న గుండుసూది పీకి, నా మూతికింద ఉండే సన్న చిల్లులో పొడిచాడు. అది ఆపద్ధర్మానికి పెట్టిన దారి, దానికి ఏ లినక్సూ అడ్డం రాదు. పళ్ళెం వచ్చేసింది. బిళ్ళని రెండు చేతుల్లోకి తీసుకుని కొంచెం వంచాడు. ఇంకో అంగుళం వంచితే చాలు, పింఛనూ లేదు, పరువుకి ఢోకా లేదు. ఈ మనుషుల సంగతి ఇంతేలే అని నేను అనుకుంటూనే ఉన్నాను.

వంచినవాడు అలాగే నిలబడ్డాడు. ఎంతసేపో తెలీదు. తర్వాత బిళ్ళని పళ్ళెంలో పెట్టి నా నోరు మూశాడు. పెట్టింది కూడా బోర్లా! జన్మలో ఒక్క మంచిపని, అదీ తలకిందులుగా.

"అమ్మాయ్! మాస్టార్ని తీసుకురా!" అని గావుకేక పెట్టాడు. వాళ్ళు వచ్చేలోగా దరఖాస్తు కింద రాసేశాడు: "ఈ దృశ్యంలో పద్యం మరచినవాణ్ణి నేను. అందించినవారు కాశీలింగం గారు." సంతకం పెట్టి కాగితం మాస్టారి చేతిలో పెట్టాడు. మాస్టారు ఏదో అనబోతే, "నోర్మూసుకుని తీసుకో మాస్టారూ, ఈసారి నేను మోస్తా" అన్నాడు. మానుష బిళ్ళ తిరగేసింది. ఆ ముక్కని పెన్ డ్రైవులోకి ఎక్కించి, మాస్టార్ని స్కూటీ ఎక్కించుకుని ఐదింటికి పది నిమిషాల ముందు ఆఫీసులో దించింది.

రెండు నెలలకి పింఛను వచ్చింది. పానకాలరావు గారికి మాత్రం అప్పటినుంచి, స్టేజీ ఎక్కితే చాలు, వెనక వరసలోంచి "మాస్టారూ, అందించండి!" అని కేకలు వస్తున్నాయి. సమితి కొత్త కంప్యూటరు కొంది. దానికి నాలాంటి వాళ్ళు పట్టే చోటే లేదు. నేనిప్పుడు బీరువా మీద, గోనెసంచిలో, తెగిన వైర్ల మధ్య ఉన్నాను. చదవడానికి ఏమీ లేదు కాబట్టి మనుషుల్నే తలుచుకుని తిట్టుకుంటున్నాను. అందరినీ తిట్టడం అయిపోయాక ఆ ఒక్క నిలబడ్డ నిమిషం దగ్గర ఆగిపోతున్నాను.

పెద్దగా నవ్వకండి. గది తలుపు వేసుంది, గదిలో మీరు తప్ప ఎవరూ లేరు, మీ తప్పుకి లోకంలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం మీ రెండు చేతుల మధ్య వంగి ఉంది. మీరైతే ఏం చేసేవారు?