ఆరు నోట్ల జామీను

మధ్యాహ్నం పన్నెండింటికి, పిడుగురాళ్లలో పుల్లారావు సున్నం బట్టీ అడుగున, కాలిన రాయి పారతో లాగుతున్నాడు శౌరి. కాళ్లకు టైరు చెప్పులు, ముక్కుకు తడిగుడ్డ, రోజుకు పద్నాలుగు రూపాయలు. పైనుంచి ఎవరో కేకేశారు.

"ఒరేయ్ శౌరీ! నీ కోసం పోలీసాయన వచ్చాడంట. ఆఫీసు గదికి రమ్మంటన్నారు!"

భయపడాల్సింది. పడలేదు. ఆ పోలీసు కోసమే మూడు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. ఐటీఐలో ఫిట్టరు పాసై, పరీక్ష రాసి, హైదరాబాదు దగ్గర మిలిటరీ సామాను చేసే ఫ్యాక్టరీకి ఎంపికయ్యాడు. నెలకు తొమ్మిది వందలు, ఉండటానికి క్వార్టరు. మనిషి మంచివాడని పోలీసులు రాసి పంపితే ఆర్డరు వస్తుంది.

మంచివాడే. వచ్చిన తంటా అంతా అదే. వాళ్ల పేటలో సంతకం చేయడం వచ్చింది శౌరి ఒక్కడికే. పుల్లారావు దగ్గర అప్పు పుట్టాలంటే వేలిముద్ర ఒకటే చాలదు, కింద చదువుకున్నవాడి జామీను సంతకం ఉండాలి. ఎవరి పురిటికో, ఎవరి చావుకో, "ఒక్క సంతకం పడెయ్ నాయనా" అని వస్తే కాదనలేక ఆరు ప్రామిసరీ నోట్ల మీద చేశాడు. తన చేతికి పైసా రాలేదు. చదవేస్తే ఉన్నమతి పోయిందనే సామెత ఎవడు పుట్టించాడో గానీ, ఇలాంటి వాణ్ణి చూసే పుట్టించి ఉంటాడు.

ఆఫీసు గదిలో పుల్లారావు కుర్చీలో ఉన్నాడు. కానిస్టేబులు మీరా సాహెబ్ బల్ల మీద ఫారం పరిచాడు. గుమ్మం పక్కన జీవరత్నం నిలబడి ఉంది. బట్టీలో గంప మోసే మనిషి, శౌరికి వరసకు చిన్నమ్మ. అప్పటికే ఆమె బొటనవేలికి ఇంకు పూసి ఉంచారు.

"ఎవురికన్నా బాకీ ఉన్నావా? జామీను ఉన్నావా?" అడిగాడు మీరా సాహెబ్. "అప్పులోడి చేతికి గవర్నమెంటు రహస్యాలు ఇవ్వరబ్బాయ్. ఎవుడన్నా పదివేలు చూపిస్తే అమ్ముకుంటాడని వాళ్ల భయం."

ఆ మాట అంటున్న మీరా సాహెబే పుల్లారావుకు బాకీ అని పేటంతటికీ తెలుసు. తుపాకీ మాత్రం ఆయన చేతికి ఇస్తారు!

శౌరి నోరు విప్పేలోగా పుల్లారావు అందుకున్నాడు. "ఉండవయ్యా సాయిబూ. ఒరేయ్, నువ్వు జామీనున్న నోట్లకి ఈ నెలా వచ్చే నెలా మూడేళ్లు నిండుతయ్. మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లవు. ఆరూ తిరగరాయించా. ఈసారి నువ్వు జామీను వద్దు, ఊరికే సాక్షి సంతకం పెట్టు. పాతవి నీ కళ్లముందే చింపేస్తా. కుర్రోడికి అప్పూ సప్పూ లేదని సాయిబుకి నేనే చెబుతా."

మీరా సాహెబ్ ఫ్యాను వంక చూశాడు.

"పెట్టు నాయనా," అంది జీవరత్నం. "నువ్వన్నా బయటపడు."

శౌరి పెన్ను తీసుకున్నాడు. సంతోషం కలగలేదు, కోపమూ రాలేదు. రోజూ సున్నం మింగే మనిషికి లోపల కూడా గార పట్టేస్తుందేమో. మూడేళ్లలో ఏ నోటునూ పైకి చదవలేదు, సంతకం అడిగిన చోట పెట్టాడు. ఎందుకో ఇవాళ పైనున్న జీవరత్నం నోటు చదివాడు.

"చిన్నమ్మా, నాలుగు వేలు రొక్కం నీ చేతికి అందిందని రాసుంది. అది నేను కళ్లారా చూశానని కూడా."

"నాలుగు వేలా? ఆపరేషనుకి పన్నెండొందలేగా తీసుకుంది!"

"వడ్డీ లేదా ఏంటి? ఊరికే పెరుగుద్దా డబ్బు?" అన్నాడు పుల్లారావు.

"నూటికి మూడు రూపాయల వడ్డీ వేసినా మూడేళ్లకు అసలుతో కలిపి రెండున్నర వేలేనండి," అన్నాడు శౌరి.

"నీకు ఉద్యోగం కావాలా, లెక్కలు కావాలా?"

శౌరి పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

"నేను సాక్షి సంతకం పెట్టనండి. సాయిబు గారూ, రాసుకోండి. నేను తిన్న అప్పు లేదు. ఆరుగురికి జామీను ఉన్నా."

"అట్టా రాస్తే ఉద్యోగం పోద్దిరా," అన్నాడు మీరా సాహెబ్.

"తెలుసండి."

మీరా సాహెబ్ ఫారం మీద వంగి రాశాడు. శౌరి తడిగుడ్డ మళ్లీ ముక్కుకు కట్టుకున్నాడు. సాయంత్రం లోపు ఇంకో రెండు లోడ్లు లాగాలి.

"ఏమే రత్నం, నువ్వు ముద్రెయ్యి. సాక్షి లేకపోతే నోటు ఆగుద్దా? ఇంకోడు దొరుకుతాడు," అన్నాడు పుల్లారావు కాగితం ముందుకు జరిపి.

జీవరత్నం కాగితం వంక చూసింది. తనకు అక్షరం రాదు. అయినా చాలాసేపు చూసింది.

"ముందు తీసుకున్నదెంతో అది రాయించయ్యా," అని, నల్లటి బొటనవేలు కొంగుకు తుడుచుకుంది.