మ్యాట్నీలో నవ్విన నవ్వు

ఈ జాకెట్టుకి ఇది ఐదో హుక్కు, నాలుగోది కొంచెం పక్కకి పోయినట్టుంది, పోతే పోయింది, పమిట కింద ఎవరు చూస్తారు, కాదు, అన్న చూస్తాడు, నూలుపోగంత పక్కకి పోయినా వేలితో తడిమి పట్టేస్తాడు, దారం తెంపి నా ఒళ్ళో పెడతాడు, అంతే, అందుకని నాలుగోది విప్పి మళ్ళీ కుడుతున్నాను, ఆదివారం, పది దాటింది, ముందు గదిలో మిషను చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది, అన్న మిషను ముందే ఉన్నాడు, సూది కింద గుడ్డ ఉంది, పెడలు మీద కాలు ఉంది, కాలు కదలడం లేదు, వెంకమ్మత్త వచ్చి పోయిన దగ్గర నుంచి అంతే, ఆమె మాత్రం ఏమంది, మామూలుగానే అంది, కూరగాయల సంచి గడప మీద దించి, నా జాకెట్టు సాయంత్రానికి ఇస్తే చాల్లేరా మౌలాలీ, అవునూ నీ సావాసగాడు అంకారావు పోతన్నాడంటగా, లారీల అడ్డా కాడ చూసొచ్చా, ట్రంకుపెట్టె గూడా ఎక్కించాడు, బళ్ళారి వైపంట, పన్నెండింటికి బండి కదిలిద్దంట, ఇంక ఇటు రాడంట, ఏంది, నీకు జెప్పలా, అంది, చెప్పాడ్లే అత్తా అన్నాడు అన్న, చెప్పలేదు, నాకు తెలుసు, అంకారావు మా గడప తొక్కి ఈ రోజుకి ఏడు ఆదివారాలు, నేను లెక్కపెట్టాను, అన్న కూడా లెక్కపెట్టే ఉంటాడు, ఇద్దరం ఒకరికొకరు చెప్పుకోలేదు.

అంతకుముందు రెండేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు, మాచర్ల నుంచి నాపరాళ్ళ లోడు తెచ్చి దించి, కనురెప్పల మీద రాతిపొడితో అట్లాగే వచ్చేవాడు, సొంత ఊరు నూజెండ్ల దగ్గర ఏదో పల్లె, అక్కడికి పోయేవాడు కాదు, ఇక్కడికే, బీబీ కాసిని మంచినీళ్ళియ్యమ్మా అని గడపలోనే కూర్చునేవాడు, అన్న ముందు మిషను కిందున్న పాత గుడ్డముక్క విసిరేవాడు, మొహం తుడుచుకోరా, దెయ్యంలా ఉండావు, అని, వాళ్ళ మాటలు అంతే, దెయ్యమనీ పోరా అనీ, ఎక్కువసేపు మాటలే ఉండవు, నేను ముప్పాళ్ళ బడిలో ఏడో తరగతి దాకా చదివాను, వెనక వరుసలో గోడపక్కన కూర్చునేదాన్ని, మాట్లాడనివాళ్ళకి ఒక లాభం ఉంది, ఎవరూ దాచుకోరు, చూడగలిగినంత చూడొచ్చు, నాన్న పోయి నరసరావుపేట వచ్చాక కూడా నాకు అదే పని, చూడటం, కుట్టడం, పోయినేడు చలికాలం అన్నకి జ్వరం వచ్చింది, పెళ్ళివాళ్ళ జాకెట్లు పన్నెండు తెల్లారి ఇయ్యాలి, లేచి మిషను ముందు కూర్చున్నాడు గానీ కాళ్ళలో సత్తువ లేదు, అంకారావు కింద చతికిలబడి పెడలు చేత్తో తొక్కడం మొదలుపెట్టాడు, తొక్కడమంటే నొక్కడం, రాళ్ళు మోసిన అరచేతులు రెండూ ఆ ఇనప పలక మీద పెట్టి, నిదానంగా, అన్న జాకెట్టు మెడ దగ్గరికి వచ్చినప్పుడు చెప్పకుండానే ఆపేవాడు, మలుపు తిరగగానే మళ్ళీ నొక్కేవాడు, ఒక మిషను, ఇద్దరు మనుషులు, ఒకే కుట్టు, ఆ పన్నెండు జాకెట్లకి నేను హుక్కులు కుడుతూ చూశాను, అంత తిన్నటి కుట్టు అన్న ఒక్కడూ ఎప్పుడూ వేయలేదు, అప్పుడే అనుకుంటాను నాకు తెలిసింది, తెలిసినదానికి పేరేమిటో మా బడి పుస్తకాల్లో లేదు, బజారులో ఉన్నాయి పేర్లు, అవి నేను నోటితో అనలేను, అవి దీనికి పేర్లు కూడా కావు.

ఏడు వారాల కిందట ఆ సినిమాకి పోకుండా ఉంటే, కానీ ఊరంతా పోయింది, ఇంటిల్లిపాదీ చూడాల్సిన బొమ్మ అని రిక్షాలో మైకు పెట్టి చెప్పారు, ముగ్గురు అన్నదమ్ములు, ఉమ్మడి కుటుంబం, అమ్మా నేనూ పక్కింటి ఫిలోమినా ఆడవాళ్ళ వైపు, అన్నా అంకారావూ నడుం ఎత్తు గోడకి అవతల మగవాళ్ళ వైపు, మ్యాట్నీ, ఫ్యాన్లు తిరిగీ తిరగనట్టు, బాగానే ఉంది బొమ్మ, తరవాత ఆ కుటుంబానికి బట్టలు కుట్టే దర్జీ వచ్చాడు, మెడలో టేపు, నడుం తిప్పుకుంటూ నడక, నోట్లో చేతిగుడ్డ కొస, వాడు తెర మీదికి వచ్చినప్పుడల్లా ఒకటే సన్నాయి కూత, వాడికి పేరు కూడా పెట్టలేదు, ఇంట్లో అందరూ ఓ టైలరమ్మా అని పిలవడమే, నాయనమ్మ చీపురు తిరగేసి కొట్టడమే, హీరో చొక్కా కొలతలు తీసుకుంటూ టేపు వదలకపోతే నేల క్లాసులో ఈలలు, చిల్లర డబ్బులు ఎగరేశారు, అమ్మ కూడా నవ్వింది, పాపం అమ్మకేం తెలుసు, మనోడి లెక్కనే మెళ్ళో టేపు ఏసుకున్నాడు చూడవే అంది, హీరో పెళ్ళికి ముందు రోజు వాడు రాత్రంతా మేలుకుని పెళ్ళిబట్టలు కుడతాడు, కుట్టి ఆ గుడ్డని ఒక్కసారి చెంపకి ఆనించుకుని కళ్ళు తుడుచుకుంటాడు, ఒక్క క్షణమే, అక్కడ కూడా ఆ సన్నాయి కూతే పెట్టారు, ఇరువైపులా హాలు విరగబడి నవ్వింది, ఫిలోమినా నా భుజం మీద పడి నవ్వింది, నేనూ నవ్వాను, నాకు బాగా గుర్తు, నోటికి పమిట అడ్డం పెట్టుకోలేదు కూడా, పైకే నవ్వాను, ఆఖర్లో అందరూ కలిసి ఫొటో దిగుతారు, పాలేరున్నాడు, కుక్కపిల్ల ఉంది, వంటమనిషి ఉంది, ఆ దర్జీ లేడు, నేను వెతికాను, లేడు, ఎవరూ అడగలేదు, శుభం పడింది, బయట ఎండ.

ఆ తరవాత మా బజారు మారిపోయింది, చెడ్డగా మారిందని చెప్పడానికి కూడా లేదు, అదే కష్టం, అంతకుముందు ఆడవాళ్ళు కొత్త గుడ్డతో పాటు ఆది జాకెట్టు పంపేవాళ్ళు, సరిగ్గా పట్టిన పాత జాకెట్టు ఒకటి, దాన్ని బట్టి అన్న కత్తిరించేవాడు, ఎవరి ఒంటి మీదా టేపు పెట్టేవాడు కాదు, మగ దర్జీ దగ్గర అదే మర్యాద, బొమ్మ వచ్చిన వారానికి ఆదులు రావడం తగ్గిపోయింది, మనుషులే వస్తున్నారు, చేతులు చాపి నిలబడుతున్నారు, కొలుచుకోరా, నీకాడ మాకు సిగ్గేంది, నువ్వు మా లెక్కే గదా, అని వెంకమ్మత్త అందరి ముందూ అంది, ప్రేమగానే అంది, అన్నని చిన్నప్పటి నుంచి ఎరుగును, ఫిలోమినా నా చెవిలో, మీ అన్నంటే భయముండదే, చానా మంచోడు, అంది, గిరాకీ పెరిగింది, అన్న టేపు కొసని రెండు వేళ్ళతో ఎంతో దూరంగా పట్టుకుని అంకెలు చెబుతాడు, నేను రాసుకుంటాను, ఆయన గొంతు రోజురోజుకీ చిన్నదవుతోంది, ఎదురుగా సైకిల్ షాపు బల్ల మీద కూర్చునే కుర్రకారు అన్న తలుపు తీయగానే నోటితో ఆ సన్నాయి కూస్తారు, టైలరమ్మా నా ప్యాంటు లూజయ్యిందే, అంటారు, అన్న పాలకీ పెరటి సందులోంచే పోతున్నాడు, అంకారావు రాకపోవడం ఆ బల్ల వల్లేనని నేను అనుకున్నాను, కొన్ని మధ్యాహ్నాలు నా వల్లేనని కూడా అనుకున్నాను, నా నవ్వు అన్న గుర్తుపడతాడు, ఎంత మందిలో ఉన్నా పడతాడు, చిన్నప్పుడు తిరునాళ్ళలో తప్పిపోతే నవ్వు విని వెతికి పట్టుకున్నాడు, ఆ గోడ అవతల విన్నాడేమో, చెల్లెలు కూడా నవ్వింది అని పక్కనున్న అంకారావుకి అనిపించిందేమో, ఈ ఏడు వారాలు అన్నం పెడుతున్నప్పుడల్లా చెబుదామనుకుని నీళ్ళు పోసి వచ్చేస్తున్నాను.

పదిన్నర, పెరట్లో అమ్మ కారం దంచుతోంది, దంపుడు చప్పుడులో నా మాట అమ్మకి వినపడదు, జాకెట్టు పక్కన పెట్టి లేచాను, ముందు గది గుమ్మంలో నిలబడ్డాను, అన్నా, అన్నాను, తల తిప్పలేదు, ఆ రోజు సినిమాలో నేను నవ్వా, వాడు కళ్ళు తుడుచుకునేటప్పుడు గూడా నవ్వా, నువ్విన్నావు గదా, అన్నాను, అన్న సూది వైపే చూస్తూ, నీ నవ్వు నాకు వినపళ్ళేదు బీబీ, నా నవ్వే వినపడింది, అన్నాడు, నాకు అర్థం కాలేదు, మిషను మీద గుడ్డని సాఫు చేస్తూ, చేస్తూనే, చెప్పాడు, ముందు వరసలో మన సైకిల్ షాపోళ్ళు కూచున్నారు, ఆ టైలరోడు రాంగానే ఒక్కొక్కడూ ఎనక్కి తిరిగి నన్ను చూడటం, నన్నూ, పక్కన కూచున్న వాణ్ణీ, ఏం జెయ్యాలో తెలవలా, నవ్వా, అందరికంటే పెద్దగా నవ్వా, ముందు బెంచీ మీద గుద్ది గుద్ది నవ్వా, వాళ్ళు అటు తిరిగిందాకా నవ్వా, అన్నాడు, మరి ఆయన, అన్నాను, వాడు నవ్వలా, మొదట్నుంచీ నవ్వలా, ఆట అయిందాకా చేతులు కట్టుకుని కూచున్నాడు, బయటికొచ్చినాక సైకిల్ స్టాండు కాడ, నీకు గూడా నేను నవ్వులాటేనంట్రా, అని అడిగాడు, నేను మన బజారోళ్ళు యాడున్నారా అని చూసుకుంటన్నా, జవాబు జెప్పలా, వాడు స్టాండు చీటీ ఇచ్చి సైకిలు తీసుకుని పోయాడు, అంతే.

అంతే, అని అన్న అన్నాక నేను గుమ్మం పట్టుకునే ఉన్నాను, ఎందుకు నవ్వాను నేను, నిజంగా ఎందుకు నవ్వాను, నాకు ఆ దర్జీని చూస్తే నవ్వు రాలేదు, గుడ్డని చెంపకి ఆనించుకున్నప్పుడు ఆ పన్నెండు జాకెట్లు గుర్తొచ్చాయి, ఆ పక్కనే ఫిలోమినా నా మొహంలోకి చూసింది, నువ్వెందుకు నవ్వటంలేదే అన్నట్టు, అప్పుడు నవ్వాను, నవ్వకపోతే మా ఇంటి సంగతి నా మొహంలో కనపడిపోతుందని నవ్వాను, ఇటు నేను అన్న కోసం నవ్వాను, అటు అన్న అంకారావు కోసం నవ్వాడు, కోసం కాదు, భయంతో, గోడకి రెండు వైపులా ఒకే భయం, ఆ హాల్లో నాలుగొందల మంది ఉంటారు, అందులో ఇంకెంతమంది మాలాగే గట్టిగా నవ్వారో, ఎవరి పక్కన కూర్చుని నవ్వారో, ఇదంతా అన్నకి చెప్పడానికి నాకు మాటలు చాలవు, పన్నెండు కాలేదన్నా, గంటన్నర ఉంది, అని మాత్రం అన్నాను, ఆయన అడిగిందానికి నువ్వింకా జవాబు చెప్పలేదు, అన్నాను, అన్న నా వైపు చూశాడు, నాకు తెలుసునని అప్పుడు తెలిసింది ఆయనకి, ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, నేను నవ్వలేదు, ఏడవలేదు, చూస్తూ ఉన్నానంతే, తల మీద చెయ్యేస్తాడేమో అనుకున్నాను, వెయ్యలేదు, సూదిని పైకెత్తి గుడ్డని తీసి మడతపెట్టి లేచాడు, బిందెలో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కున్నాడు, మంచి చొక్కా వేసుకుని గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు, పెరటి వైపు తిరుగుతాడనుకున్నాను, తిరగలేదు, వీధి తలుపు రెండు రెక్కలూ తీశాడు, బల్ల మీద నుంచి సన్నాయి కూశారు, నలుగురైదుగురు కలిసి, పెద్దగా, ఆ చప్పుడు వింటుంటే నాకు ఒక్కటే తట్టింది, ఆ మ్యాట్నీలో భయపడకుండా బొమ్మ చూసిన మనిషి అంకారావు ఒక్కడే, మిగిలిన మేమందరం ఒకరినొకరు చూసుకున్నాం, అన్న మెట్లు దిగాడు, ఎండలో, బజారు మధ్యగా, అడ్డా వైపు.