అతుకు కనపడని జిగురు

భోజనం చేసి చెయ్యి కడుక్కునేసరికి కామేశం విమానంలో కూర్చుని ఉన్నాడు. విమానం పొడవు జానెడు. ముక్క ముక్కా తన చేతుల్తో అతికించినదే. విడి ముక్కల పెట్టెలో పైలట్ బొమ్మ రాలేదని కొట్టువాణ్ణి తిట్టిపోశాడు గానీ, ఆ సీటు ఇలా నిండుతుందనుకోలేదు.

బయట బల్ల దగ్గర భార్య హైమవతి కళ్లద్దాలు సర్దుకుంటోంది. పెళ్లయినప్పటి నుంచీ ఆ బల్లను ముట్టుకోనివ్వని మొగుడు ఇవాళ లోపల ఉన్నాడు కనుక, మిగిలిన పని ఆమెదే. విమానానికి పైన పెట్టాల్సిన అద్దంలాంటి ప్లాస్టిక్ మూత ఆమె పట్టకారులో ఉంది.

"ఏ జిగురు పెట్టమంటారు?"

కామేశం లోపల్నుంచి కేకేస్తాడు. "తెల్లది పెట్టు హైమా. పిల్లలు కాగితాలకి వాడతారే, అది. తడిగుడ్డ పెడితే ఊడొస్తుంది."

"ఊడొచ్చేదాన్ని జిగురని ఎలా అంటారండీ?"

అదీ నిజమే. ట్యూబులోది చిక్కన, అద్దం మీదికి పొంగుతుంది. చెప్పులు అతికించుకునేదైతే అద్దమంతా పొగ పట్టి, హైమవతి ముఖం కూడా కనపడదు. నీళ్లలాంటి పలచటిది మాత్రం అంచున తాకిస్తే చాలు, సందంతా తనే పాకి, ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. ఇక కత్తి పెట్టినా విడిపోవు. ఈ పాఠం కామేశం ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. అడకత్తెర గురించి ఎంత తెలిసినా పోకచెక్కకు ఒరిగేదేముంది.

హైమవతి పలచటి జిగురు సీసా తెరుస్తుంది. "అతుకు కనపడకూడదని మీరేగా అంటారు."

"ఈ ఒక్కసారికీ కనపడనీ. నాకు భయంగా ఉంది."

"భయపడితే చెయ్యి వణుకుతుందనీ మీరే అన్నారు."

ఆమె చెయ్యి వణకదు. విమానం మీదికి మూత దిగుతుంది, కుంచె అంచును తాకుతుంది, జిగురు చుట్టూ పరుగెడుతుంది. కామేశం అరచేతులతో అద్దాన్ని పైకి నెడతాడు. ఆరేదాకా ముట్టుకోకూడదని తెలిసీ నెడతాడు. చేతులు మెత్తబడి అద్దంలో కలిసిపోతాయి. నొప్పి లేదు. చెయ్యి ఎక్కడ అయిపోయి అద్దం ఎక్కడ మొదలైందో తెలియదు. ఇంత చక్కని అతుకు తనకెన్నడూ కుదరలేదని అతనికి కాస్త కడుపుమంట కూడా.

"నా వేలూ పట్టేసిందండీ," అంటుంది పైనుంచి మూతను అదిమిన హైమవతి.

"లాగకు."

"లాగనులెండి. మళ్లీ రాత్రికి అన్నం వండాలిగా."

వేలి చివర విమానంతో ఆమె వంటింట్లోకి వెళ్లి గిన్నెలో బియ్యం కడుగుతుంది. తెల్లటి నీళ్లు అద్దం మీదికి లేస్తాయి. తలుపులంత బియ్యపు గింజలు కామేశాన్ని దాటుకుంటూ ఈదుతాయి. విమానం చక్రాలు వాటంతటవే ముడుచుకుని, అది నీళ్లలో లోతుకు ఎగురుతుంది. దాని వెంటే ముందు హైమవతి వేలు, తర్వాత మోచెయ్యి, తర్వాత కళ్లద్దాలతో సహా హైమవతి, చప్పుడు లేకుండా గిన్నెలోకి దిగుతుంది.