మాట వరసకి పిలిస్తే

లిఫ్టు ఆపరేటరుకి వారమంతా నాలుగు గోడల మధ్యే గడిచిపోతుంది. అందుకే సెలవు దొరికితే చాలు, కెమెరా భుజాన వేసుకుని పాత వీధుల మీద పడతాడు. మనుషుల ఫొటోల మీద అతనికి మోజు లేదు. కొట్ల మీది బోర్డులు, మేడల మీద రాసిన పేర్లు, అవే కావాలి. అక్షరాలకీ ఫొటో అంటే సరదానే. కెమెరా కనబడగానే వాలిపోయినవి నిటారుగా నిలబడి తలకట్లు సర్దుకుంటాయి. కిందున్న ఒత్తులు పక్కనుంచి తొంగి చూస్తాయి. ఎవరికైనా అంతే కదా.

ఆ ఆదివారం కూలగొట్టబోయే ఒక మేడ ముందు ఆగాడు. గోడ మీద నీలం రంగులో "గొడుగులు బాగుచేయబడును" అని ఉంది. కొట్టు మూసి ఏళ్లయింది. అయినా అక్షరాలు ఎంత ఓపిగ్గా నిలబడ్డాయో. అతనికి జాలేసింది. వచ్చేస్తూ వాటితో, "వీలు చూసుకుని మా ఇంటికి రండి," అన్నాడు.

మర్యాదకి అందరం అంటాం. వచ్చేవాళ్లెవరు?

తెల్లారేసరికి ఇంటి ముందు గోడ మీద ఉన్నాయి, ఒక్కటి తగ్గకుండా.

వాకిలి ఊడవబోయిన అతని అక్క అలాగే నిలబడిపోయింది. ముందుగదిలో ఆమె కుట్టుమిషను ఉంది. ఇప్పుడు బట్టలు కుట్టించుకునేవాళ్లే లేరు. మర్నాడు మిషను అటకెక్కించి ఊరి చివర ఫ్యాక్టరీలో చేరాలి. తలుచుకుంటేనే ఏడుపొస్తోంది ఆమెకి.

"ఎవర్రా వీటిని పిలిచింది?"

"మాట వరసకి అన్నానక్కా."

"నీ మాట వరస తగలెయ్య. ఇంటికొచ్చినవాళ్లని పొమ్మంటామా?" అని, వాటికి తగలకుండా చుట్టూ బూజు దులిపింది.

టీ మరిగేలోపే పక్కవీధి లెక్కల మాస్టారు వచ్చారు, చంకలో గుడ్డ ఊడిన గొడుగుతో. "బోర్డు చూశానమ్మా. చేస్తారా?"

అక్క కాదనబోయి, గుడ్డ అంచు వేళ్లతో తడిమింది. ఊచ కొసకి పట్టి నాలుగు కుట్లు వేస్తే సరి. జాకెట్టుకి చేతులు అతికే మనిషికి ఇదో లెక్కా?

"కూర్చోండి మాస్టారూ, ఇప్పుడే ఇచ్చేస్తా."

పాడైన గొడుగు లేని ఇల్లుంటుందా? పారేయబుద్ధి కాక తలుపు వెనక దాచుకుంటాం. సాయంత్రానికి ముందుగదిలో అడుగు పెట్టే చోటు లేదు.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఇంకా బయల్దేరలేదా?"

అక్క ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మిషను తొక్కుతూనే చెప్పింది.

"రానండీ. చేతినిండా పనుంది."