మింగినా అరగని కణం

జోగేశ్వరరావు మాస్టారికి ఎర్ర పెన్నంటే మహా ప్రీతి. ముప్ఫై ఏళ్ల సర్వీసులో జీవశాస్త్రం ఎంత చెప్పారో గానీ, పేపర్ల మీద గీతలు మాత్రం లెక్కలేనన్ని కొట్టారు. వాటిలో ఒక్క గీత, నాలుగేళ్ల కిందటిది, వారం రోజులుగా ఆయన్ని అన్నం తిననివ్వడం లేదు.

వారం కిందట రాజమండ్రిలో టీచర్లకు ట్రైనింగ్ జరిగింది. చెప్పడానికి వచ్చినావిడ వయసులో ఆయన కూతురంత. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియా అనీ, వందల కోట్ల ఏళ్ల కిందట మరో కణం దాన్ని లోపలికి తీసుకుని అరిగించుకోకుండా ఉంచుకుందనీ, అందుకే దానికి ఇప్పటికీ సొంత డీఎన్‌ఏ ఉందనీ చెప్పింది. పక్కవాళ్లు నోట్సు రాసుకుంటున్నారు. మాస్టారికి చెయ్యి కదల్లేదు.

మైటోకాండ్రియా అంటే ఏమిటన్న ప్రశ్నకు ఈ సంగతే తొమ్మిదో తరగతి పరీక్షలో తబిత రాసింది. కడియం నర్సరీల్లో ఒక మొక్క కొమ్మను మరో మొక్కకు అతికించి అంట్లు కట్టే జ్ఞానమ్మ కూతురు. ‘మా అమ్మ కట్టే అంటులాగా రెండు ప్రాణాలు ఒకటయ్యాయి’ అని కూడా రాసింది. జవాబుల కీలో ఉన్నది ‘కణ శక్త్యాగారం’ అనే ఒక్క ముక్క. ఆ ముక్క కనబడకపోయేసరికి మాస్టారు అడ్డంగా గీత కొట్టి సున్నా చుట్టారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పిల్లను నిలబెట్టి, “ఒళ్లంతా బాక్టీరియా పెట్టుకుని బడికెందుకొచ్చావమ్మా, ఆస్పత్రికి పోలేకపోయావా?” అన్నారు. క్లాసంతా నవ్వింది. తన చమత్కారానికి తానూ మురిసిపోయారు. పదో తరగతి దాటేదాకా పిల్లలు ఆమెను బాక్టీరియా అనే పిలిచారు. ఇంటర్లో తబిత బైపీసీ వంక చూడకుండా సీఈసీలో చేరింది.

ఆ పిల్లను మళ్లీ జీవశాస్త్రంలోకి తీసుకురావాలని మాస్టారి పట్టుదల. బైపీసీ చదవడానికి ఓపెన్ స్కూలు ఫారం సంపాదించి, రెండో శనివారం నాడు కడియం వెళ్లారు. మామిడి మొక్కల వరుసలో పీట వేసుకుని తబిత అంటుకు రిబ్బను చుడుతోంది. ఆయన్ని చూసి లేచి నిలబడింది.

“నువ్వు రాసింది నిజమేనమ్మా. తెలియనిది నాకు. నలుగురిలో నిన్ను అవమానించాను.”

“దానికోసం ఇంత దూరం వచ్చారాండి? పర్లేదండి మాస్టారూ.”

ఫారం అందుకుని శ్రద్ధగా చదివింది. మడిచి ఆయన చేతికే ఇచ్చేసింది.

“ఇప్పుడు దానిమీదకి మనసు పోదండి.” మళ్లీ రిబ్బను చేతిలోకి తీసుకుంటూ అడిగింది. “ఆ పేపరు వెనక్కి తిప్పి చూశారాండి?”

మాస్టారు తల అడ్డంగా ఊపారు.

“అసలు సంగతి అక్కడ రాశానండి. అంటుమామిడి టెంక పాతితే ఆ రెండు మొక్కలూ కలిసి మొలవవు కదండి. కణంలో మాత్రం తరతరాలుగా రెండూ కలిసే వస్తున్నాయి. ఎందుకలాగని నాకు తోచింది పేజీ నిండా రాశాను.”

“ఏం రాశావమ్మా?”

పాఠం గురించి తెలుసుకోవడం కోసం ఒక పిల్లను అడగడం ఆయనకు ఇదే మొదటిసారి. ఆశగా ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు.

తబిత చాలాసేపు ఆలోచించింది. రిబ్బను వేలికి చుట్టుకుంది, విప్పింది.

“గుర్తు రావట్లేదండి,” అంది. “ఆ రోజు మాత్రం బాగా తెలిసింది మాస్టారూ.”