చిరాంబో గారి తెర మీది ఆకుపచ్చ మరక

బ్రౌజర్ మూసేసినా తెర మీద మరకలు మిగిలిపోతున్నాయని చిరాంబో గారు కబురు చేశారు. జోంబాలోని మా ప్రభుత్వ ఆఫీసులో ఆయన పెద్ద గుమాస్తా, కంప్యూటర్లు బాగుచేసేది నేను. పోయిన మార్చిలో పని వేళలో పాటల వీడియో చూశానని ఆయన నాకు హెచ్చరిక లేఖ ఇచ్చారు. "ప్రభుత్వమిచ్చిన తెర ప్రభుత్వ పనికే" అని అందులో ఉంది. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. కనుక సంతోషంగానే వెళ్లాను.

తెర మీద ఎడమ మూల ఆకుపచ్చ గళ్లు, వాటి పక్కన నల్లటి వంపు. మిగతాదంతా మామూలుగానే ఉంది.

"మూసినప్పుడు ఏ పేజీ చూస్తున్నారు సార్?"

"మంత్రిత్వ శాఖ పేజీ."

కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. మరక పోయింది. శాఖ పేజీ తెరిచాను, మూశాను. మరక లేదు. పదిసార్లు చేశాను. కేబుల్ పీకి పెట్టి మళ్లీ చేశాను. లేదు.

పక్క బల్ల దగ్గర టైపిస్టు ఎనెలెసి తల ఎత్తకుండానే అంది: "శాఖ పేజీలో అంత పచ్చదనం ఎక్కడిదే వేజీ? ఫుట్‌బాల్ మైదానమేమో చూడు."

"మీ పని మీరు చూసుకోండి," అన్నారు చిరాంబో గారు.

నేను మరమ్మతు ఫారం తీశాను. కారణం దొరకకపోతే యంత్రం రాజధాని లిలోంగ్వేకి వెళ్తుంది. అక్కడివాళ్లు అందులో చూసిన పేజీలన్నీ జాబితా రాసి మా ఆఫీసరుకి పంపుతారు. ఆ పద్ధతి పెట్టించిందే చిరాంబో గారు. దాంతోనే ముగ్గురికి హెచ్చరికలిచ్చారు. ఏడాదిలో ఆయన పదవీ విరమణ.

"అప్పుడు చూసిన పేజీనే తెరవాలి సార్. లేకపోతే నాకు దొరకదు."

ఆయన ఎనెలెసిని కాగితాల కోసం స్టోరుకి పంపి, తలుపు వేసి, ఒక్క వేలితో టైపు చేశారు. తెర నిండా నల్లటి కుండ. ఒకావిడ గుమ్మడాకులు తరుగుతోంది. మూశాను. కుండలో సగం, ఆకులు కొన్ని తెర మీదే ఉండిపోయాయి.

"మా ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి పన్నెండు రోజులైంది," అన్నారాయన గోడకేసి చూస్తూ. "చెల్లెలు వండింది తినదు, పక్కింటివాళ్లది తినదు. తను వండే గుమ్మడాకు కూరే కావాలంటుంది. ముప్పై ఏళ్లు తిన్నాను, ఎలా చేస్తుందో ఒక్కనాడూ చూళ్లేదు. ఇక్కడ చూద్దామంటే ఎవరో ఒకరు వస్తారు, మూసేస్తాను. ఆకులు తరగడం దాటి ముందుకెళ్లలేదు."

ఎగతాళి మాటలు చాలానే సిద్ధం చేసుకుని వచ్చాను. సిగ్గేసింది.

లోపం తేలిగ్గానే దొరికింది. వీడియో చూపించే పనిని బ్రౌజర్ పాత గ్రాఫిక్స్ కార్డుకి అప్పగిస్తోంది, ఆ కార్డు మూసిన బొమ్మని తుడవడం లేదు. ఆ సెట్టింగు తీసేశాను. వీడియో తెరిచి మూశాను, తెర శుభ్రం. ఫారంలో "మంత్రిత్వ శాఖ పేజీ" అని రాసి సంతకం చేశాను.

ఆయన దాన్ని కొట్టేసి "వంట వీడియో" అని రాశారు. కొట్టివేత పక్కన పొడి సంతకం పెట్టారు. ఎనెలెసి రాగానే హెచ్చరిక లేఖ టైపు చేయమన్నారు.

"ఎవరికి సార్?"

"నాకు. వేజీకి ఇచ్చిందే, పేరు మార్చండి."

ఇచ్చినవారి చోట ఒక సంతకం, అందుకున్నవారి చోట ఇంకొకటి పెట్టి ఫైల్లో ఉంచారు. తర్వాత తన ప్రతి పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

"వేరుశనగ పొడి ముందా, ఆకు ముందా?"

"ఆకు ముందు సార్. పొడి చివర్న. మంట తగ్గించండి, ఊరికే కలపకండి."

హెచ్చరిక లేఖ వెనకే రాసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే నా బల్ల దగ్గర నిలబడ్డారు. "తింది," అన్నారు. "రెండు ముద్దల న్సీమా సంకటితో. ఉప్పెక్కువైందని తిట్టింది." కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

ఇదే అదనని అడిగాను. "సార్, మార్చిలో నాకిచ్చిన లేఖ?"

"ఫైల్లోనే ఉంది," అన్నారు. "నాది దాని పైన."