దేవుని గూట్లె నీలి పటం

ముట్టు దినాలు నాకు రికాం అన్నది మీరే, అత్తా. నువ్వు, నీ కొడుకు. నన్ను కొట్టంల కూసోబెట్టి, చెంబు దూరం జరిపి, "దీనికేం, పని లేకుంట కాళ్లు జాపి కూసుంటది" అని నవ్వితిరి. మరి అదే కొట్టంలకు కాలువ ఆఫీసు నక్షలు ఎందుకు పంపితిరి? నేను ముట్టుకుంటే పచ్చడి జాడీ చెడుతదంట, సర్కారు కాయితం చెడదంట!

నీ కొడుకు కైలాసం, నా మొగడు, నక్షలు గీస్తడు. నకళ్లు తీసేది నేను. రెండు మందులు నీళ్లల్ల కలిపి, నీడపట్టున కాయితానికి పూసి ఆరబెట్టాలె. మీద ఎండ దిగే పలుచటి కాయితం నక్ష పరిచి, అద్దం మోపి ఎండకు పెట్టాలె. ఎండ తాకిన జాగ నీలమైతది, గీత ఉన్న జాగ కడిగితే తెల్లగ తేలుతది. మాడు పగిలేది నాకు, ఆఫీసుల శాబాషీ ఆయనకు. ఒకనాడు కాయితం తునక మిగిలితే మారేడు రెమ్మ పెట్టి చూసిన. కడుగుతుంటే నీలంల తెల్లటి ఆకు లేచింది. ఏడుపొచ్చింది నాకు. ఇన్నేండ్ల సంసారంల నేను చేసింది ఏదన్న మిగిలిందా? వండితే తింటిరి, ఉతికితే మాపితిరి. ఇది మిగిలింది. ఇగ ఆగలే, వేపరెమ్మ, చింతాకు, కోడీక, దొరికిందల్ల ఎండకు పెట్టిన.

ఆయన మారేడాకు చూసి "మంచిగొచ్చిందే" అన్నడు. పటం కట్టించి, కింద తన పేరు రాసి నీకిచ్చిండు. నువ్వు దేవుని గూట్లె పెట్టి బొట్టు పెడితివి.

ఇయ్యాల నేను మళ్ల కొట్టంల ఉన్న. పక్కింటి లింగవ్వ వచ్చి పటానికి మొక్కింది.

"ఎవలు జేసిండ్రు వదినా? శివుడే దిగినట్టున్నడు!"

"మా కైలాసం. పోరని చేతుల సరస్వతి ఉన్నది" అంటివి నువ్వు.

"కోడలేది?"

"కొట్టంల. దానికి ఇయ్యాల రికాం."

ఆయన అరుగు మీద మీసం దువ్వుకుంటుండు. కాదనలే.

నేను ఇంటి కడప దాక వచ్చిన. "అత్తా, గా పటం జేసింది నేను. గిట్ల ముట్టున్నప్పుడే, గీ కొట్టంల."

లింగవ్వ మొక్కిన చేతులు కొంగుల దాసుకున్నది. "పిస లేసిందా నీకు? పేరు నాదున్నది!" అని ఆయన దిగ్గున లేచిండు. నువ్వేమో పటం దిక్కే చూస్తున్నవ్. "సోమారం సోమారం దీపం పెట్టినగదనే..." అన్నవ్ మెల్లగ.

పెడితివి. దేవుడు అలిగిండా? ఇంట్ల ఎవలికన్న జరమొచ్చిందా?

రాలే గద? అయితే వినుండ్రి. పటం గూట్లకెల్లి తీయద్దు. ఆయన పేరు గీకి నా పేరు, అనసూర్య అని రాయుండ్రి, ఇప్పుడే, నా ముంగట. కడప మీదికెల్లి జరుగుండ్రి. నేను లోపటికొస్తున్న.